ఆపినకాడ నుంచి

కాశీబుగ్గలో కొన్న సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ ఇది.
మా మోహిని డిప్లొమా కోసమని
మూడు నెల్ల జీతంలో తుంపి తుంపి కట్టినాను.
రాత్రి తొమ్మిది దాటితే మాత్రం నాదే.

మొదట ఏలు పెట్టమంటాది.
పెడితే, మళ్ళీ పెట్టమంటాది.
ఆముదం తుడిసి, కొంగుకి రుద్ది పెట్టినా
మళ్ళీ అంటాది.
పద్దెనిమిదేళ్ళు జీడి తాగిన ఏళ్ళివి.
సేతివి అరిగినాయో వయసువి అరిగినాయో
పెట్టెకేటి తెలుస్తాది.
రేషన్ డిపోలోనూ ఇదే గొడవ.
ఆకరికి నా టోకెన్ నంబరే తాళం సేసింది మోహిని.
సున్నా, సున్నా, ఆరు, మూడు.
అప్పుడు తెరుసుకున్నాది, గేటుకాడ వాచ్‌మేన్ లాగ.

లోపల పాటల డబ్బా ఉన్నాది, సినిమాల డబ్బా ఉన్నాది,
మాట పట్టుకునే మైకు బొమ్మొకటి.
"ఏటీ కొనక్కర్నేదమ్మా, దాంతోపాటే వచ్చినాయి" అన్నాది.
దాంతోపాటే వచ్చి
తరవాత డబ్బడగనిది
నాను ఇదే సూడ్డం.

మజ్జాన్నం షెడ్డులో ఫోను నిలబెడతాం, కేరేజీ మూతకి ఆనించి.
నాను, దాలమ్మ, ఉర్వశి,
ముగ్గురికీ అరసేతంత సినిమా.
ఈరో బస్సు దిగబోతాడు,
ఈలోగా కూత ఏసెస్తాది.
రాత్రి లాప్‌టాప్ తీస్తే
ఆ మెట్టుమీదే ఒంటికాలితో ఉన్నాడు,
నలబై ఏడో నిమిషం, పదమూడో సెకను,
ఆపినకాడ నుంచి సూస్తావా అని అడుగుతాది పెట్టె.
దిగు నాయనా అని నొక్కినాను.

నాను ఎక్కడ ఆపినానో గుర్తెట్టుకున్నోళ్ళు ఎవులున్నారు?
ఏడో తరగతిలో ఏ లెక్కకాడ లేచొచ్చేసినానో
నాకే గుర్తు నేదు.
ఈ మాట సెప్తే దాలమ్మ నవ్వింది,
"మా ఇంట్లో ఓడు
అన్నం తిన్నావా అనడగడం ఆపి పదేళ్ళు.
ఓడికీ ఆ బొత్తాం ఉంటే సూడవే."

ఓనాడు ఊరికే, ఫోనులో మైకు బొమ్మ నొక్కి
తట్ట పక్కన పెట్టినాను.
మా సేతుల సప్పుడు ఎలగుంటాదో ఇందామని.
ఇరవై రెండు కత్తులు.
ఉర్వశి దగ్గు.
దాలమ్మ గొంతు:
"బద్దలన్నీ మా లెక్కలోకి,
గుండ్లన్నీ కూర్మారావు పొట్టలోకి."
ఆ తరవాత నవ్వులు.

రాత్రికి అది లాప్‌టాప్‌లోకీ వచ్చేసింది.
ఎలగొచ్చిందో నన్నడక్కండి.
ఇంటూ ఇంటూ, మూల మీద సిన్న టీవీ బొమ్మ ఉంటే
అదేటోనని నొక్కినాను.
పెట్టె మూగబోనాది.
సెడిపోనాదనుకుని గుండె జారింది,
ఇంకా రెండు వాయిదాలున్నాయి.

అప్పుడు గోడ అవతల నుంచి
టక్కు. టక్కు టక్కు.

మా ఇంట్లో టీవీ నేదు.
గోడ అవతల ఇల్లు మేస్త్రీ కూర్మారావుది.
ఆల గుంటలకి ట్యూషన్ సెప్పినందుకు
జీతం బదులు వైఫై ఇచ్చినారు మోహినికి.
ఆ వైఫై పట్టుకునే
షెడ్డు షెడ్డంతా నడిసెల్లి
ఆల హాల్లో, యాబై అంగుళాల టీవీలో కూకున్నాది.
ఉర్వశి దగ్గు అంత పెద్దదని
నాకప్పుడే తెలిసింది.

"ఆపే అమ్మా, ఆపే" అని పరిగెట్టుకొచ్చింది మోహిని.
ఏ బొమ్మ నొక్కాలో తెలీదన్నాను.
తెలిసే ఉండొచ్చు.
దాలమ్మ మాట పూర్తిగా అయ్యాకే ఆగింది.

పొద్దున్న షెడ్డులోకొచ్చి
కూర్మారావు ఏటీ అన్నేదు.
తట్టల మధ్య నడిసినాడు, మెల్లగా,
మా మొకాలు ఎప్పుడూ సూడనోడు
ఒక్కో మొకం దగ్గరా ఆగినాడు.
"ఆ దగ్గు ఎవులిది?"

కత్తులన్నీ ఆగిపోనాయి.
ఉర్వశి కొంగు నోటికడ్డం పెట్టుకున్నాది.
ముందు దాలమ్మ దగ్గింది.
ఆ తరవాత నాను.
ఆ మూలనెవరో, ఈ మూలనెవరో.
ఎన్ని దగ్గులో లెక్కెట్టుకోలేక
బయటకెల్లిపోనాడు.

మేం కత్తులందుకున్నాం
ఆపినకాడ నుంచి.
టక్కు.